ఉలికిపడని చెయ్యి

రంగూన్‌లో అహ్లోన్ రేవు వెనక వీధుల్లో పుట్టిన తెలుగుపిల్లల్లో చాలామందికి తొలి నీళ్ళు తులసమ్మే పోసింది. చిన్న పీటమీద కూర్చుని, చీర మోకాళ్ళపైకి ఎగదోపుకుని, కాళ్ళు రెండూ బారజాపి, వాటి నడుమ పల్లంలో బిడ్డను పడుకోబెట్టేది. ముందు నువ్వులనూనె, తరవాత సున్నిపిండి, గోరువెచ్చటి నీళ్ళు, చివర సాంబ్రాణి ధూపం. గుక్కపట్టి ఏడ్చే బిడ్డయినా ఆ కాళ్ళమీద కాసేపటికి మెత్తబడేది. శ్రీకాకుళం సముద్రపొడ్డు పల్లెనుంచి ఓడెక్కి వచ్చిన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పని అది. బియ్యం మిల్లులో మేస్త్రీ చేసిన భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు కలగలేదు. ఆ దిగులు ఆవిడ ఎవరి ముందూ పెట్టేది కాదు. "ఈదిలో పిల్లలందరూ నా కాళ్ళమీద ఉచ్చపోసినోళ్ళే. ఇంకేటి కావాలి నాకు?" అని నవ్వేసేది.

అయినా ఆ కాళ్ళు నెమ్మదిగా ఖాళీ అవుతూ వచ్చాయి. పాత కుటుంబాలు కొన్ని నది అవతల తన్లిన్ వైపు పోయి స్థిరపడ్డాయి. కొత్త తల్లులు ప్లాస్టిక్ తొట్లు కొనుక్కున్నారు. ఆపైన జబ్బుల కాలం వచ్చి, ఒకరి బిడ్డను ఇంకొకరు ముట్టుకోవడమే తప్పయిపోయింది. మూడో అంతస్తులోని ఒంటిగదిలో సింహాద్రి అప్పన్న పటం ముందు దీపం పెట్టి, కిటికీలోంచి దూరాన కనబడే బుద్ధుడి బంగారు గోపురానికి కూడా ఒక దణ్ణం పెట్టి, తులసమ్మ పగలంతా వీధి చప్పుళ్ళు వింటూ కూర్చునేది.

పసివాళ్ళు కొన్ని పనులు నేర్చుకునే పుడతారని ఆవిడకు చేతుల ద్వారా తెలుసు. అరచేతిలో వేలు పెడితే పట్టు బిగిస్తారు. బుగ్గమీద రాస్తే అటువైపు నోరు తిప్పి వెతుక్కుంటారు. చంకల కింద పట్టి పాదాలు నేలకు ఆనిస్తే, ఎక్కడికో పని ఉన్నట్టు అడుగులు వేస్తారు. తల పక్కకు తిప్పితే ఆ పక్క చెయ్యి చాచి, రెండోది మడిచి, విల్లు ఎక్కుపెట్టిన రాముడల్లే పడుకుంటారు. ఇవన్నీ దేవుడు దారిలో తినమని కట్టి పంపిన చద్దిమూట అని ఆవిడ నమ్మకం. కొన్నాళ్ళకు మూట అయిపోతుంది. అప్పటికి బిడ్డ సొంతంగా సంపాదించుకోవడం మొదలెడతాడు. పట్టుకోవాలని పట్టుకుంటాడు, నడవాలని నడుస్తాడు.

ఒక్క ఉలికిపాటును మాత్రం ఆవిడ ఆ మూటలో చేర్చలేదు. తలుపు టప్పున పడితే పసివాడు చేతులు రెండూ బార్లా చాచి, వేళ్ళు విప్పి, మళ్ళీ గుండెలమీదకు తెచ్చుకుని ఏడుస్తాడే, అది దడుపు అని అమ్మమ్మ చెప్పింది. దడుపుకు మందు కట్టు. మెత్తటి పాతచీర ముక్కలో చేతులు పక్కలకు ఆనించి బిగువుగా చుట్టి పడుకోబెట్టాలి. తులసమ్మ చుట్టిన చుట్టు తెల్లారేదాకా జారేది కాదు.

సైన్యం గద్దెనెక్కిన ఫిబ్రవరిలోనే తిన్ తిన్‌కు కొడుకు పుట్టాడు. తిన్ తిన్ తల్లి తెలుగు మనిషి, తండ్రి బర్మీయుడు. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడితే తడుముకుంటుంది. భర్త నాగేష్ సేక్కాన్ రేవులో క్రేన్ నడిపేవాడు. సైన్యానికి ఎదురుతిరిగిన సమ్మెలో చేరాడు. అతని కోసం ఇంటికి మనుషులొస్తున్నారని తెలిసి ఒక తెల్లవారుజామున చెప్పులు చేతబట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాతి వారమే నొప్పులొచ్చాయి. డాక్టర్లు సమ్మెలో ఉన్నారు, రోడ్లమీద తుపాకులున్నాయి. వీధి చివరి మంత్రసానే దిక్కయింది. బిడ్డ బొద్దుగా ఉన్నాడు. తల వచ్చాక భుజం అడ్డుపడింది. ఆవిడ రెండు చేతులా పట్టి లాగి తల్లినీ బిడ్డనూ దక్కించింది. తండ్రి వచ్చాకే పేరు పెడదామని తిన్ తిన్ పట్టుబట్టడంతో, పిల్లాడు అందరికీ చిన్నబ్బాయి అయ్యాడు.

పురుటినీళ్ళ రోజున తులసమ్మకు కబురొచ్చింది. ఎన్ని నెలల తరవాతో వచ్చిన పిలుపు! నూనె కోసం ధర్మారావు కిరాణాకొట్టుకు పోయింది. ఆయన సీసా నిండా పోశాడు.

"ఇంతేటి బాబూ?"

"పిల్లాడికి రాస్తావా, పకోడీలు వేస్తావా నీ ఇష్టం. పో," అని కసిరాడు ధర్మారావు. ఆయన దయ ఎప్పుడూ ఆ గొంతుతోనే బయటికొచ్చేది.

నీళ్ళు పోస్తున్నప్పుడు చిన్నబ్బాయి ఎడమచెయ్యి ఒంటికి అంటిపెట్టుకుని ఉండటం తులసమ్మ చూసింది. చూసి, ఆ అరచేతిలో తన వేలు పెట్టింది. వాడు గట్టిగా పట్టుకున్నాడు. పట్టు బాగుంది కదా, సిగ్గుపడుతున్నాడు దొరగారు అనుకుంది. పెద్దగా లాగకుండా ఆ పక్కన కాస్త నూనె ఎక్కువ రాసింది.

ఆ రోజుల్లో రాత్రి ఎనిమిదయ్యేసరికి రంగూన్ అంతా పళ్ళాలు మోగేవి. ఇంట్లో చెడు చేరితే గిన్నెలు కొట్టి తరమడం బర్మావాళ్ళ ఆచారం. ఇప్పుడు దేశంలో చేరిన చెడును తరుముతున్నారు. ఒక మేడమీద మొదలైతే వీధి వీధంతా అందుకునేది. పిల్లాడు నిద్రలో అదిరిపడి ఏడుస్తున్నాడని తిన్ తిన్ చెప్పింది.

"దడుపే అది. సేతులు రెండూ కట్టీసి పడుకోబెట్టే. నీళ్ళు పోసినప్పుడు తప్ప ఇప్పొద్దు," అంది తులసమ్మ. ఎలా చుట్టాలో మూడుసార్లు చూపించింది.

ఆ మర్నాటినుంచి పెద్దరోడ్డు దాటడానికి లేకపోయింది. సైన్యాన్ని ఆపడానికి కుర్రాళ్ళు పేర్చిన ఇసుకబస్తాలు, వెదుళ్ళు, కాలుతున్న టైర్లు. ఆ పక్క తిన్ తిన్ వీధి, ఈ పక్క తులసమ్మ మేడ. మార్చి చాలా భాగం ఆవిడ కిటికీ దగ్గరే గడిపింది. కాల్పుల శబ్దం వచ్చినప్పుడల్లా నామం చెప్పుకునేది. తనతో మాట్లాడే గొంతు లేక, దీపం వెలిగించేటప్పుడు అప్పన్నతోనే పైకి మాట్లాడటం అలవాటైంది.

దారి కొంచెం తెరిపిన పడగానే ఒక సాయంత్రం నూనెసీసాతో బయలుదేరింది. బస్తాల దగ్గర కాపలా ఉన్న ఆడపిల్ల ఎవరో చెయ్యి పట్టి దాటించి, బర్మావాళ్ళు అమ్మను పిలిచినట్టే "అమే, తొందరగా వెళ్ళండి," అంది. నీళ్ళు పోయడం పూర్తయ్యేసరికి చీకటిపడింది. ఎనిమిది దాటితే బయట తిరగకూడదు కనుక తిన్ తిన్ ఆవిణ్ణి అక్కడే ఉండిపొమ్మంది. ఉక్కపోతగా ఉందని పిల్లాణ్ణి ఇంకా చుట్టలేదు. చాపమీద వెల్లకిలా ఉన్నాడు.

పళ్ళాలు మోగాయి.

చిన్నబ్బాయి కుడిచెయ్యి గాలిలోకి విసిరినట్టు లేచింది. వేళ్ళు విచ్చుకున్నాయి. ఎడమచెయ్యి మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది, పక్కన ఎవరో మరిచిపోయిన వస్తువులా. పళ్ళాల మోత పెరిగింది. మళ్ళీ కుడిది లేచింది. ఎడమది లేవలేదు.

తులసమ్మ ఇన్నేళ్ళలో వందలమంది పిల్లలను చుట్టబెట్టింది. దడుపు పుట్టినప్పుడు రెండు చేతులూ కలిసే లేస్తాయని ఆవిడకు తెలియనిది కాదు. కానీ చుట్టులోపల ఏ చెయ్యి లేచిందో ఏది లేవలేదో ఎవరు చూస్తారు?

"తిన్ తిన్," అంది. "పిల్లాడి ఎడమసెయ్యి సూడే. అది లేగట్లేదు."

తిన్ తిన్ చూసింది. మోత ఆగేదాకా చూసింది. తరవాత, వచ్చీరాని తెలుగులో, ఒక్కో మాటా ఏరుకుని అంది: "నువ్వు కట్టమన్నావు, పెద్దమ్మా. నేను కట్టాను. రోజూ కట్టాను."

"అవునే. నానే సెప్పినాను."



సమ్మెలో ఉన్న డాక్టరమ్మ ఒకావిడ దగ్గర్లోని బౌద్ధ విహారం వెనకగదిలో రోగులను చూస్తోందని తెలిసి మర్నాడే తీసుకెళ్ళారు. చిన్నవయసు. కళ్ళకింద నలుపు. ఆవిడ పిల్లాణ్ణి రెండు చేతుల్లో పడుకోబెట్టి, తలను ఉన్నట్టుండి కాస్త వెనక్కి వాలనిచ్చి పట్టుకుంది. కుడిచెయ్యి లేచింది. ఎడమది లేవలేదు. రెండోసారీ అంతే. మూడోసారి చేయలేదు.

"కాన్పులో భుజం దగ్గర నరాలు సాగాయి," అంది. "చాలామందికి నెలల్లో తిరిగొస్తుంది. కొందరికి రాదు. మూడో నెల దాటేలోపు మోచెయ్యి మడవడం మొదలెడితే మంచి సూచన."

"వేళ్ళు గట్టిగా పట్టుకుంటున్నాడమ్మా. అందుకే నేను..." తులసమ్మ బర్మీస్‌లో తడబడింది.

"వేళ్ళకు పోయే నరాలు వేరు, అమే. ఎవరైనా పొరబడతారు."

"దడుపని కట్టించాను."

డాక్టరమ్మ కసురుకోలేదు. చేతిలో పిల్లాణ్ణి చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "ఇది భయం కాదు. పడిపోతున్నానేమో అనిపించగానే ఒళ్ళు తనంతట తానే తల్లిని పట్టుకోబోతుంది. నాలుగైదు నెలలకు అదే పోతుంది. ఉన్నన్నాళ్ళూ చూస్తూ ఉండండి. రెండు చేతులూ లేస్తే అంతకన్నా ఏం కావాలి."

ఇక బిగించి చుట్టొద్దంది. చంకల కింద పట్టి ఎత్తొద్దంది. నూనె రాసేటప్పుడు చేతులు గుండెలమీద అడ్డంగా లాగే పద్ధతి ఆ పక్కకు పనికిరాదంది. బట్ట మార్చినప్పుడల్లా భుజం ఎలా తిప్పాలో, మోచెయ్యి ఎంత మడవాలో తులసమ్మ చేతుల మీద తన చేతులుంచి చూపించింది. వెళ్ళేటప్పుడు అక్కడి భిక్షువు రెండు అరటిపళ్ళు పిల్లాడి గుడ్డలో పెట్టాడు.

ఆనాటినుంచి తులసమ్మ రోజూ పోయింది. తిన్ తిన్ తలుపు తీసేది, పక్కకు తప్పుకునేది. తిట్టి ఉంటే బాగుండుననిపించేది తులసమ్మకు. ఆ ఇంట్లో మనుషులు ముగ్గురున్నా ఆవిడకు తన గదిలో కన్నా ఒంటరిగా ఉండేది. అయితే వారం తిరగకముందే గుమ్మం దగ్గర పీటమీద ఒక టీ కప్పు మూతపెట్టి కనబడసాగింది. ఎవరికని అడగలేదు. తాగి, కడిగి బోర్లించి వచ్చేది.

అంతకుముందు పిల్లలకు దడుపు పోవాలని మొక్కుకున్న మనిషి, ఇప్పుడు "అప్పన్నా, ఒక్కపాలి ఉలికిపడనీ నాయనా, రెండు సేతులా ఉలికిపడనీ," అని మొక్కుకుంటోంది. సాయంత్రాలు తిన్ తిన్ ఇంట్లోనే ఉండిపోయి, చాపపక్కన కూర్చుని పళ్ళాలకోసం ఎదురుచూసేది. ఏప్రిల్‌లో బర్మావాళ్ళ ఉగాది, నీళ్ళ పండగ వచ్చింది. ఆ ఏడు ఎవరూ నీళ్ళు చల్లుకోలేదు. పండగ వెళ్ళిన కొన్నాళ్ళకు ఒకపూట నూనె రాస్తుంటే చిన్నబ్బాయి ఎడమ మోచెయ్యి కాస్త, ఆవలింతంత, మడతపడింది.

"ఓలమ్మో! సూసినావా?"

తిన్ తిన్ పరుగున వచ్చి, కూలబడి, ఆ మోచేతిని పెదవులకు ఆనించుకుంది. "పెద్దమ్మా," అని మాత్రం అంది.

భుజం మాత్రం లేవలేదు. ఈలోగా పళ్ళాలు తగ్గాయి. మోగిన ఇళ్ళమీద రాళ్ళు పడుతున్నాయి, మనుషులను పట్టుకుపోతున్నారు. ఒక మేడ ఆగింది, పక్క మేడ ఆగింది. చివరికి ఎనిమిదింటికి ఎక్కడో ఒక్క గరిట, ఒక్క మూత. ఆ తరవాత అదీ లేదు. ఆ మౌనం వినడం మోత వినడం కన్నా కష్టంగా ఉండేది. డాక్టరమ్మ చూపించినట్టు తులసమ్మ పిల్లాడి తలను అరచేతిలో కొంచెం వాలనిచ్చి చూసేది. రానురాను కుడిచెయ్యి కూడా సగమే లేచి దిగిపోతోంది. వానలు పట్టేసరికి వాడు ఆవిడ మొహంలోకి చూసి బోసిగా నవ్వాడే తప్ప ఏ చెయ్యీ ఎత్తలేదు. అదీ ఆ చద్దిమూటలోదేనన్నమాట, అయిపోయింది. ఎడమచెయ్యి లేవగలదో లేదో చెప్పకుండానే అయిపోయింది. అడుగుదామంటే విహారం వెనకగదికి తాళం పడింది. డాక్టరమ్మ ఏమయిందో భిక్షువు చెప్పలేదు. తెలిసినా చెప్పే రోజులు కావు.

అప్పుడే నాగేష్ ఫోన్ చేశాడు. సరిహద్దు దాటి థాయ్ పక్క ఊళ్ళో పని చూసుకున్నాడట. వెంట ఉండి సరిహద్దు దాటించే మనిషి ఉన్నాడు, పిల్లాణ్ణి తీసుకుని వచ్చేయమన్నాడు. తిన్ తిన్ ఫోన్ పెట్టేసి తులసమ్మ వైపు తిరిగింది.

"రానని చెప్పాను. ఈ చెయ్యి పనికొస్తాదని తెలిసేదాకా కదలను. అక్కడ దీన్ని చూసేదానికి ఎవరున్నారు? నువ్వు ఉన్నావా?"

ఆ మాటకు తులసమ్మకు లోపల ఒక వెచ్చదనం పాకింది. ఇంటికొచ్చి దీపం పెడుతుండగా ఆ వెచ్చదనం ఏమిటో తెలిసింది. లెంపలేసుకుంది. "తప్పయింది నాయనా. పిల్లాడి సెయ్యి బాగవ్వాలి. అంతే నాకు కావాల్సింది," అంది పటంతో. పటం ముందు ఎంతసేపో కూర్చున్నా ఆ మాట పూర్తిగా నిజమని ఆవిడకే అనిపించలేదు.

జూలైలో జబ్బు మళ్ళీ ఊరిమీద పడింది. ఆక్సిజన్ సిలిండర్లు భుజాన వేసుకుని మనుషులు వానలో బారులు తీరారు. తులసమ్మకూ జ్వరం వచ్చింది. తిన్ తిన్ ఇంటికి ఆ జబ్బు మోసుకుపోకూడదని తలుపు వేసుకుంది. రంగూన్ మేడల్లో ప్రతి కిటికీకీ కిందిదాకా ఒక తాడు వేలాడుతుంది. కిందివాళ్ళు దాని క్లిప్పుకు ఏదైనా తగిలించి లాగితే పైన గంట మోగుతుంది. తులసమ్మ తాడు ఏ గంటా మోగించక చాలా కాలమైంది. జ్వరం పట్టిన రెండో రోజు గంట మోగింది. కింద డో మ్య, నేలమీది వాటాలో ఉండే బర్మా ముసలావిడ, గంజిగిన్నె మూట కట్టి తగిలించి ఎత్తిచూస్తోంది.

"లాగు! వేడిగా ఉంది!" అని అరిచింది. "లాగే బలం లేకపోతే చెప్పు, నేనే పైకొచ్చి నీ నోట్లో పోస్తాను. ఇద్దరం కలిసి పోదాం!"

తులసమ్మ నవ్వింది, దగ్గింది, లాగింది. జ్వరం తగ్గేదాకా ఆ గంట రోజూ మోగింది.

మళ్ళీ తిన్ తిన్ గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆగస్టు చివరికొచ్చింది. తిన్ తిన్ ఆవిడ చిక్కిన మొహం చూసి కళ్ళు తుడుచుకుంది. చిన్నబ్బాయి ఎదిగిపోయాడు. కూర్చోబెడితే కాసేపు ఆగుతున్నాడు. తన చేతనైనంత తానూ చేశానని, భుజం రోజూ తిప్పానని తిన్ తిన్ చెప్పింది. ఎడమచేత్తో బొమ్మ పట్టుకుంటాడు కానీ పైకి ఎత్తడని కూడా చెప్పింది. గుడ్డలు పిండుకొస్తానంటూ పెరటి కుళాయి దగ్గరికి పోయింది.

తులసమ్మ కాళ్ళు చాపి పిల్లాణ్ణి మోకాళ్ళ నడుమ చాపమీద కూర్చోబెట్టింది. వాడు ఆవిడ గాజుల కోసం ఎడమవైపుకు వంగాడు, ఎక్కువే వంగాడు. ఒరిగిపోతున్నాడు. పట్టుకోబోయిన తులసమ్మ చెయ్యి మధ్యలోనే ఆగింది.

కూర్చునే వయసుకు పిల్లలకు కొత్తది ఒకటి వస్తుంది. చద్దిమూటలోది కాదు, కొత్త సంపాదన. ఒరిగిన పక్కకు చెయ్యి చాపి, నేలకు ఆనించి, పడకుండా నిలబెట్టుకుంటారు. ఎవరూ నేర్పరు. చిన్నబ్బాయి ఎడమచెయ్యి ఒంటినుంచి విడింది. భుజం కదిలింది. కొంచెం ఆలస్యంగా, కొంచెం వంకరగా, వేళ్ళు విప్పుకుని ఆ అరచెయ్యి టప్పున చాపమీద ఆనింది. మోచెయ్యి వణికింది, ఆగింది. వాడు పడలేదు. తలెత్తి, ఇందులో వింతేముందన్నట్టు ఆవిడను చూశాడు.

తులసమ్మ మళ్ళీ వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, చిన్నగా ఎడమకు వాలనిచ్చింది. చెయ్యి వచ్చింది.

పెరట్లో కుళాయి పారుతూనే ఉంది. తిన్ తిన్ చూడలేదు. చూసింది తనొక్కతే. ఇప్పుడు పిలిస్తే సరిహద్దు మనిషికి కబురు పోతుంది. ఈ వారంలోనో వచ్చే వారంలోనో ఈ ఇంటికీ తాళం పడుతుంది. పిలవకపోతే ఇంకొన్నాళ్ళు. దసరాదాకా. వాడు పాకేదాకా. ఇంకాస్త గట్టిపడనీ, ఒక్కసారి చూసి చెప్పడం మంచిది కాదు అంటే ఎవరూ కాదనరు. అది అబద్ధం కూడా కాదు.

చిన్నబ్బాయి ఆవిడ చీరకుచ్చెళ్ళు రెండు చేతులా పట్టుకుని నోట్లో పెట్టుకోబోయాడు. ఆ పట్టు విడిపించడానికి తులసమ్మకు కొంచెంసేపు పట్టింది. ఒక్కో వేలూ విప్పి, రెండు చేతులూ కళ్ళకద్దుకుంది.

"తిన్ తిన్! ఓ పిల్లా! ఆ గుడ్డలు ఒగ్గీసి రాయే, బేగి రా!"

తిన్ తిన్ తడిచేతులతో వచ్చింది. ఏమైందోనని మొహం పాలిపోయి ఉంది.

"కూకో ఇక్కడ. నా సోట్లో కూకో. కాళ్ళు సాపు. అలాగ కాదే, మోకాళ్ళు దగ్గరికి. ఇప్పుడు ఆడిని నడుమ పట్టుకుని ఎడమపక్కకి కొంచెం వాల్చు. పట్టుకోకు, ఒగ్గేయ్. బయపడకు."

తులసమ్మ చాపమీంచి లేచి, గోడకు జరిగి, వాళ్ళిద్దరికీ చోటిచ్చింది. తిన్ తిన్ ఊపిరి బిగబట్టి కొడుకును వాల్చింది. అరచెయ్యి చాపమీద ఆనిన చప్పుడుకు ఆమె ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ వాల్చింది. వాడికి ఇది ఆటలా తోచి కిలకిలలాడాడు.

"బలం ఇంకా రావాలి," అంది తులసమ్మ గోడ దగ్గరనుంచి. "నూనె రాసేటప్పుడు బుజం ఎలాగ తిప్పాలో సరిగ్గా సూసుకో. అక్కడ నువ్వే సెయ్యాలి గదా. ఇలాగ రా, మొదట్నించీ సూపిస్తాను."